అమ్మిన తొలి కారును తిరిగి కొనుక్కున్న హెన్రీ ఫోర్డ్‌

జులై 30 మోడల్‌ టి రూపకర్త జయంతి

అమెరికాలోని చిన్న పట్టణాల్లో, పల్లెల్లో ఇప్పటికీ అడపాదడపా ఒక దృశ్యం కంటబడుతుంది. ఇంటి ముంగిట ఎత్తయిన చక్రాలతో, మడత టాపుతో ఒక నల్లని పాత కారు నిలిచి ఉంటుంది. అద్దానికి అమ్మబడును అని రాసిన అట్టముక్క అతికించి ఉంటుంది. ముత్తాత కొన్న బండి అది. తాత పొలం పనులకు వాడుకున్నాడు. తండ్రి కొట్టంలో నిలిపి పట్టాలు కప్పి కాపాడాడు. ఇప్పటి తరానికి దానితో పని లేదు, పాత ఇనుము కింద వేయడానికి మనసూ రాదు. చివరకు అమ్మకానికి పెడతారు. నూరేళ్లు దాటిన బండి అయినా కొనేవారు వస్తూనే ఉంటారు. దానికి కావలసిన విడిభాగాలు నేటికీ అక్కడ కొత్తగా తయారవుతూనే ఉన్నాయి.

ఆ కారు పేరు మోడల్‌ టి. 1908 నుంచి 1927 వరకు కోటీ యాభై లక్షల బండ్లు తయారయ్యాయి. దాన్ని లోకానికి అందించిన హెన్రీ ఫోర్డ్‌ 1863 జులై 30న జన్మించారు. మోటారు కారును కనిపెట్టింది ఆయనే అనుకునేవారు మన ప్రాంతంలో నేటికీ ఉన్నారు. అది పొరపాటు. జర్మనీలో కార్ల్‌ బెంజ్‌ 1886లోనే మోటారు బండికి పేటెంటు పొందారు. ఫోర్డ్‌ చేసిన పని వేరు. ధనవంతుల వాకిళ్లకే పరిమితమైన కారును రైతు కుటుంబం, కార్మిక కుటుంబం కొనుక్కోగల వస్తువుగా మార్చారు. ఒకసారి కొన్నవాడు మళ్లీ కొనవలసిన అవసరం రాకూడదన్నంత గట్టిగా దాన్ని తయారుచేశారు. ఆ గట్టితనమే కొంతకాలానికి ఆయనను దెబ్బతీసింది.

ఎద్దు పళ్లు చూసినట్టు..

మన సంతల్లో ఎద్దును కొనేవారు ముందుగా నోరు తెరిపించి పళ్లు చూస్తారు. వయసు అక్కడ దాగదు. పాత మోడల్‌ టి కొనేవారి పరీక్షా అటువంటిదే. మొదట చూసేది రేడియేటరు. దాని చట్రం ఇత్తడిదైతే బండి 1916 నాటిది గానీ, అంతకు ముందుది గానీ అయి ఉండాలి. 1917 మోడల్‌ నుంచి ఇత్తడి పోయి నల్లరంగు వేసిన రేకు వచ్చింది. తర్వాత ఇంజిను దిమ్మ మీద పోత పోసిన అక్షరాలు గాక, సుత్తితో కొట్టిన నంబరు ఒకటి ఉంటుంది. దాన్ని బట్టి ఇంజిను ఏ కాలంలో తయారైందో తెలుస్తుంది. ఇంజిను మార్చిన బండి అయితే రేడియేటరు ఒక మాట, నంబరు మరో మాట చెబుతాయి.

చక్రాలు అధిక భాగం కర్రవే. మన ఎడ్లబండి చక్రానికి ఉన్నట్టే వీటికీ ఆకులు ఉంటాయి. చేత్తో పట్టి ఊపితే ఆకు కదలరాదు. పైన రేకు తళతళ మెరుస్తున్నా లోపల కర్ర చట్రం పుచ్చిపోయి ఉండవచ్చు కనుక తలుపులు తెరిచి మూసి చూస్తారు. ఇంజినుకు, మనిషి కూర్చునే చోటుకు మధ్య చెక్కపెట్టె ఒకటి ఉంటుంది. అందులో నాలుగు తీగచుట్టలు. బండి ప్రాణం ఆ పెట్టెలోనే ఉందనాలి. అవి సరిగా ఉంటే తేనెటీగల రొద వినిపిస్తుంది.

రంగు విషయంలో అపోహ ఒకటి ఉంది. మోడల్‌ టి అంటే నలుపే అని అందరూ అనుకుంటారు. నిజానికి తొలి ఏళ్లలో ఎరుపు, బూడిద, ఆకుపచ్చ రంగుల్లోనూ వచ్చింది. నలుపు ఒక్కటే ఇచ్చింది 1914 నుంచి 1925 వరకు. కనుక ఆకుపచ్చ బండి కనబడితే ఎవరో రంగు మార్చారని తోసిపుచ్చకూడదు.

నడపడమూ నేటి కార్ల వంటిది కాదు. కింద మూడు పెడళ్లు ఉంటాయి గానీ ఏదీ పెట్రోలు పెంచేది కాదు. అది స్టీరింగు కింద చేత్తో లాగే మీట. ఎడమ పెడలు గేరుకు, నడిమిది వెనక్కు పోవడానికి, కుడిది బ్రేకుకు. పెట్రోలు ట్యాంకు సీటు కింద ఉండి, ఇంధనం వాలును బట్టి ఇంజినులోకి జారేది. ట్యాంకులో పెట్రోలు తక్కువగా ఉన్నప్పుడు నిటారైన గుట్ట ఎక్కాలంటే బండిని తిప్పి వెనక్కు నడుపుతూ ఎక్కేవారు. ముందు భాగంలో చేతికడ్డీ తిప్పి స్టార్టు చేయాలి. స్పార్కు మీటను సరైన చోట పెట్టడం మరిస్తే కడ్డీ ఎదురు తిరిగి మణికట్టు విరగ్గొట్టేది. విద్యుత్తుతో స్టార్టయ్యే ఏర్పాటు 1919లో గానీ ఈ కారుకు రాలేదు. ఒక విచిత్రం ఏమంటే, ఫోర్డ్‌ సతీమణి క్లారా స్వయంగా నడుపుకొన్నది తమ కంపెనీ కారు కాదు. కడ్డీ తిప్పే బాధ లేని, వేరే కంపెనీ వారి బ్యాటరీ కారు.

రైతు బిడ్డ.. వ్యవసాయం రుచించని బిడ్డ

మిషిగన్‌ రాష్ట్రంలో డియర్‌బర్న్‌ సమీపాన ఫోర్డ్‌ కుటుంబానికి వ్యవసాయ భూమి ఉండేది. తండ్రి విలియం ఐర్లండ్‌ నుంచి వలస వచ్చిన రైతు. పెద్దకొడుకు హెన్రీ తన తర్వాత సేద్యం చూసుకుంటాడని ఆయన ఆశ. హెన్రీకి మాత్రం పశువుల వెంట, నాగలి వెంట తిరగడం గిట్టేది కాదు. ఇరుగుపొరుగు వారి గడియారాలు విప్పి బాగుచేసి ఇచ్చేవాడు.

1876లో రెండు సంఘటనలు జరిగాయి. తల్లి మేరీ ప్రసవానంతరం కన్నుమూసింది. అప్పటికి హెన్రీ పన్నెండేళ్ల బాలుడు. అదే ఏడు జులైలో తండ్రితో కలిసి బండిలో పోతుండగా దారిలో ఒక ఆవిరి యంత్రం ఎదురైంది. గుర్రాలు లాగకుండా తనంతట తాను నడిచే బండిని ఆ పిల్లవాడు చూడడం అదే మొదలు. బండి దిగి ఆ యంత్రం నడిపే మనిషిని ప్రశ్నలతో ముంచెత్తాడట. తల్లి లేని ఇల్లు, కంటి ముందు కదిలిన యంత్రం.. ఈ రెండూ ఆయనను చివరి దాకా వదలలేదు.

1879లో ఇల్లు విడిచి డెట్రాయిట్‌ నగరానికి చేరి యంత్రశాలలో పనివాడుగా కుదిరాడు. మధ్యలో కొన్నేళ్లు ఊరికి తిరిగివచ్చి, పొలాల వెంట ఆవిరి యంత్రం నడిపాడు. 1888లో క్లారా బ్రయంట్‌ను వివాహమాడాడు. తండ్రి అడవి భూమి ఇచ్చి స్థిరపడమంటే అక్కడ చెట్లు కొట్టి కోత మిల్లు నడిపాడు. 1891లో అదీ వదిలి భార్యతో డెట్రాయిట్‌ చేరి, ఎడిసన్‌ పేరిట నడిచే విద్యుత్తు సంస్థలో ఉద్యోగంలో ప్రవేశించాడు. రెండేళ్లలో ముఖ్య ఇంజినీరయ్యాడు. 1893 నవంబరు 6న ఏకైక సంతానం ఎడ్సెల్‌ జన్మించాడు.

ఆ ఏడు క్రిస్మస్‌కు ముందురోజు రాత్రి హెన్రీ తాను చేసిన చిన్న పెట్రోలు ఇంజినును వంటింట్లో తొట్టికి బిగించాడు. ఒక పక్క పండుగ వంట. నెలల పసివాడు పడుకుని ఉన్నాడు. క్లారా చేతిపని ఆపి, ఇంజినులోకి చుక్కచుక్కగా పెట్రోలు పోస్తుంటే భర్త చక్రం తిప్పాడు. పొగ, మంట, పెద్ద చప్పుడు. ఇంజిను నడిచింది. ఫోర్డ్‌ చరిత్ర రాసినవారు హెన్రీ పేరు పక్కన ఈ ఇల్లాలి పేరుకు తగినంత చోటు ఇవ్వలేదని అనిపిస్తుంది.

గోడ కూల్చి బయటకు వచ్చిన బండి

1896 జూన్‌ 4వ తేదీ తెల్లవారుజామున డెట్రాయిట్‌లో బాగ్లీ వీధిలోని అద్దె ఇంటి వెనుక షెడ్డులో బండి సిద్ధమైంది. నాలుగు సైకిలు చక్రాలు, రెండు సిలిండర్ల ఇంజిను, చుక్కానికి బదులు పడవకున్నటువంటి కర్ర. వెనక్కు పోయే గేరు లేదు. అంతా బాగానే ఉంది గానీ షెడ్డు తలుపు కంటే బండి వెడల్పు ఎక్కువైంది. ఆ సంగతి అప్పటిదాకా ఎవరికీ తోచలేదు. ఫోర్డ్‌ గొడ్డలి తీసుకుని ఇటుక గోడను పగలగొట్టి బండిని వీధిలోకి తెచ్చారు.

కొన్ని నెలలకే ఆ బండిని 200 డాలర్లకు అమ్మేశారు. రెండో బండి చేయడానికి డబ్బు కావాలి. అమెరికాలో చేతులు మారిన తొలినాటి కార్లలో అదొకటి. ఎంతో శ్రమించి చేసిన తొలి బండిని అమ్మడానికి ఆయన వెనుకాడలేదు. అప్పటి ఫోర్డ్‌కు పాత వస్తువంటే మక్కువ లేదు, రాబోయేదాని మీదే చూపు. కొన్నేళ్లకు అదే బండిని వెతికి 65 డాలర్లు పెట్టి తిరిగి కొనుక్కున్నారు.

వ్యాపారం మాత్రం వెంటనే కలిసిరాలేదు. 1899లో పెట్టిన తొలి కంపెనీ 1901 నాటికి మూతపడింది. పందెంలో అప్పటి మేటి నడిపరి అలెగ్జాండర్‌ వింటన్‌ను ఓడించి పేరు తెచ్చుకుని, అదే ఏడు రెండో కంపెనీ పెట్టారు. పెట్టుబడిదారులతో పొసగక నాలుగు నెలలకే బయటకు వచ్చారు. ఆయన విడిచిన ఆ కంపెనీయే హెన్రీ లీలాండ్‌ చేతిలో కాడిలాక్‌గా మారింది. మూడోసారి 1903 జూన్‌ 16న ఫోర్డ్‌ మోటార్‌ కంపెనీ రిజిస్టరైంది. చేతికొచ్చిన మూలధనం 28,000 డాలర్లు. నెల తిరిగేసరికి బ్యాంకులో మిగిలింది 223 డాలర్లు. ఆ దశలో షికాగోకు చెందిన ఒక దంతవైద్యుడు పూర్తి సొమ్ము కట్టి కారుకు ఆర్డరు పంపారు. కంపెనీ నిలబడింది.

850 డాలర్ల నుంచి 260 డాలర్లకు

1908 అక్టోబరు 1న మోడల్‌ టి విపణిలోకి వచ్చింది. ధర 850 డాలర్లు. 20 గుర్రాల శక్తి, గంటకు 40 నుంచి 45 మైళ్ల వేగం. అప్పటి అమెరికా పల్లెల్లో రోడ్లు మన పాతకాలపు బండిబాటలకు భిన్నమేమీ కావు. వానొస్తే బురద, ఎండకు గట్టిపడిన గాడులు. అందుకే నేలకు బాగా ఎత్తులో, తేలికైన వెనేడియం ఉక్కుతో బండిని కట్టారు. రైతులు వెనుక చక్రాన్ని పైకెత్తి దానికి పట్టా తగిలించి రంపం తిప్పేవారు, నీళ్లు తోడేవారు. శనివారం సంతకు, ఆదివారం చర్చికి కుటుంబమంతా అందులోనే. పాడైతే ఊళ్లో కమ్మరే బాగుచేసేవాడు.

గిరాకీ పెరిగింది గానీ తయారీ అందుకోలేదు. 1913లో హైలాండ్‌ పార్కు కర్మాగారంలో కదిలే వరుసను ప్రవేశపెట్టారు. బండి దగ్గరకు మనిషి పోవడం పోయి, మనిషి దగ్గరకు బండి కదిలివచ్చే పద్ధతి అది. ఒక్కో పనివాడికి ఒకే చిన్న పని. అంతకు ముందు ఒక చట్రం కూర్చడానికి పన్నెండున్నర గంటలు పట్టేది. 1914 నాటికి 93 నిమిషాలకు తగ్గింది. ధరా తగ్గుతూ వచ్చి 1920ల నడుమ అన్నిటికన్నా చవక రకం 260 డాలర్లకు దిగింది. కార్లలో ఇంతటి ధర పతనం, అదీ నాణ్యత చెడకుండా, అరుదు.

రోజంతా ఒకే మర బిగించే పని మనిషిని విసిగిస్తుంది. పనివారు వారం తిరక్కుండానే పోయేవారు. 1913లో 14,000 మంది సిబ్బందిని నిలుపుకోవడానికి ఏడాదిలో 52,000 మందిని చేర్చుకోవలసి వచ్చింది. 1914 జనవరి 5న ఫోర్డ్‌ దీనికి మందు కనుగొన్నారు. అప్పటిదాకా తొమ్మిది గంటల పనికి 2 డాలర్ల 34 సెంట్లు ఇస్తుండగా, ఎనిమిది గంటల పనికి 5 డాలర్లు ఇస్తామని ప్రకటించారు. చలిలో వేలాదిమంది కర్మాగారం గేటు ముందు గుమిగూడారు. ఆ 5 డాలర్లు ఊరకే రాలేదు. కంపెనీ మనుషులు పనివారి ఇళ్లకు వెళ్లి తాగుతున్నారా, పొదుపు చేస్తున్నారా, ఇల్లు శుభ్రంగా ఉందా అని ఆరా తీసేవారు. తేడా ఉంటే పూర్తి సొమ్ము దక్కేది కాదు. మేలు చేస్తూనే మనిషి ఇంట్లోకి తొంగిచూసే యజమానులు మనకూ తెలుసు.

అదే ఏడు మరో సాహసం చేశారు. ఏడాదిలో మూడు లక్షలకు పైగా కార్లు అమ్ముడైతే కొన్న ప్రతి ఒక్కరికీ 50 డాలర్లు తిరిగిస్తామన్నారు. గడువుకు 3,08,000 కార్లు పోయాయి. సుమారు కోటిన్నర డాలర్లు తిరిగి పంచారు.

ప్రతిష్ఠకు మచ్చ

ఇంత పేరు వచ్చాక తనకు తెలియనిది లేదన్న భ్రమ ఆయనను పట్టుకుంది. 1915లో ప్రపంచయుద్ధం ఆపిస్తానని ఓడ కట్టుకుని ఐరోపా వెళ్లి ఏమీ సాధించకుండానే వెనుదిరిగారు. 1918లో సెనేటుకు పోటీచేసి ఓడారు. 1919లో ఒక పత్రికపై వేసిన పరువునష్టం దావాలో బోనులో నిలబడి తమ దేశ చరిత్రలోని మామూలు ప్రశ్నలకూ జవాబు చెప్పలేకపోయారు. గెలిచారు గానీ కోర్టు ఇప్పించిన పరిహారం ఆరు సెంట్లు.

అన్నిటికంటే నల్లటి అధ్యాయం యూదు ద్వేషం. తాను కొన్న డియర్‌బర్న్‌ ఇండిపెండెంట్‌ వారపత్రికలో 1920 నుంచి 91 సంచికల పాటు యూదులపై విషం కక్కే వ్యాసాలు వేయించారు. ఆ రాతలు పుస్తకాలై జర్మనీ దాకా పోయాయి. ఒక న్యాయవాది దావా వేశాక 1927లో క్షమాపణ ప్రకటించి పత్రికను మూసేశారు. అయినా 1938లో, డెబ్బయ్‌ అయిదో పుట్టినరోజున హిట్లరు ప్రభుత్వం ఇచ్చిన పతకాన్ని స్వీకరించారు. సామాన్యుడికి కారు ఇచ్చిన చేతులతోనే ఈ పనీ చేశారన్నది మరువరాదు.

పాత కార్లే పగబట్టాయి

1920ల తొలినాళ్లలో అమెరికాలో అమ్ముడయ్యే కార్లలో సగం దాకా ఫోర్డ్‌వే. మరి కొన్నేళ్లకే ఆ స్థితి ఎందుకు తారుమారైంది? దీనికి జవాబు పాత కార్ల బజారులో ఉంది.

కారు కొనగలిగిన కుటుంబాల్లో చాలామటుకు అప్పటికే కొనేశారు. ఇప్పుడు దుకాణానికి వచ్చేవాడు చేతిలో పాత బండితో వస్తున్నాడు. దానికి ఎంత ఇస్తారు, కొత్తదానికి ఎంత కలపాలి అన్నదే బేరం. తీసుకున్న పాత బండిని దుకాణదారు మళ్లీ ఎవరికో అమ్మాలి. ఆ విధంగా ఊరూరా పాత కార్లు వరుసలు తీరాయి. కొత్త మోడల్‌ టి ధరకే రెండు మూడేళ్లు వాడిన, తలుపులూ అద్దాలూ ఉన్న, మీట నొక్కితే స్టార్టయ్యే వేరే కంపెనీ బండి దొరికేది. బీద కుటుంబానికి కావలసింది చవక బండి. అంతకన్నా చవకగా దొరికేది ఫోర్డ్‌ పాత బండే. తన కొత్త కారుకు తన పాత కారే పోటీ అయింది. అది ఓ పట్టాన పాడైపోయేదీ కాదాయె!

పోటీదారైన జనరల్‌ మోటార్స్‌ అధిపతి ఆల్‌ఫ్రెడ్‌ స్లోన్‌ ఈ కిటుకు గ్రహించారు. ఏటేటా రూపం మార్చారు, రంగులు తెచ్చారు. వాయిదాల మీద అప్పిచ్చే సంస్థను ఆ కంపెనీ 1919లోనే నెలకొల్పింది. ఫోర్డ్‌కు అప్పులంటే గిట్టదు. 1923లో ఆయన పెట్టిన పథకం మన చీటీల వంటిది. వారానికి 5 డాలర్ల చొప్పున కడుతూ పోయి, మొత్తం తీరాకే కారు తీసుకోవాలి. ముందు బండి, తర్వాత కట్టుబడి అని పక్కవాడు పిలుస్తుంటే దీనికెవరు వస్తారు? షెవర్లే కార్ల విభాగాన్ని పరుగెత్తించిన విలియం నడ్సెన్‌ ఒకప్పుడు ఫోర్డ్‌ దగ్గర పనిచేసి బయటకు వచ్చినవారే కావడం మరో విశేషం.

కారు మార్చాలని కొడుకు ఎడ్సెల్‌ బతిమాలారు. 1919 నుంచి కంపెనీకి అధ్యక్షుడు ఆయనే. అది పేరుకే. 1926 జనవరిలో ఎడ్సెల్‌కు బంధువు, ఉన్నతాధికారి అయిన ఎర్నెస్ట్‌ కాంజ్లర్‌ పరిస్థితిని వివరిస్తూ ఫోర్డ్‌కు లేఖ సమర్పించారు. ఎంతో వినయంగా రాసిన లేఖే. కొద్ది నెలల్లో కాంజ్లర్‌ ఉద్యోగం పోయింది.

చివరకు లెక్కలే నోరు విప్పాయి. 1927 మే 26న కోటీ యాభై లక్షలవ మోడల్‌ టి బయటకు వచ్చింది. తండ్రీకొడుకులు అందులో కూర్చుని డియర్‌బర్న్‌ దాకా వెళ్లారు. ఆ కారుకు అదే వీడ్కోలు. తర్వాత ఏం చేయాలో నిర్ణయం కాకుండానే కర్మాగారాలు మూతపడ్డాయి. నెలల తరబడి వేలాది కార్మికులు ఇళ్ల వద్ద కూర్చున్నారు. డిసెంబరు 2న మోడల్‌ ఏ విడుదలైంది. రూపం తీర్చింది ఎడ్సెల్‌, యంత్రం తండ్రిది. పగిలినా ముక్కలు ఎగరని అద్దం, నాలుగు చక్రాలకూ బ్రేకులు ఇచ్చారు. 1931 వరకు దాదాపు 48 లక్షల కార్లు వచ్చాయి. ఇప్పుడు అమ్మకానికి వచ్చే అమెరికా పాత కుటుంబ కార్లలో మోడల్‌ ఏలకు గిరాకీ మెండు. నడపడం తేలిక కావడమే కారణం. ఆ అందం కొడుకు చలవేనని కొనేవారిలో ఎందరికి తెలుసో!

తాను తుడిచిపెట్టిన కాలాన్ని ఏరుకుంటూ..

ఇక ఆయన జీవితంలో వింత ఘట్టం ఇది. గుర్రపు బండ్లను, కమ్మరి కొలుములను, నిదానపు పల్లెను తన కారుతో సాగనంపిన మనిషే వయసు మీరాక ఆ పాత వస్తువుల కోసం దేశమంతా గాలించారు. తాను పుట్టిన ఇంటిని తల్లి పోయిన 1876 నాటికి ఎలా ఉండేదో అలా తిరిగి అమర్చారు. పెరటి మట్టిని తవ్వించి, దొరికిన పింగాణీ పెంకులను బట్టి తల్లి వాడిన పళ్లేల వంటివి చేయించారు. 1929 అక్టోబరు 21న డియర్‌బర్న్‌లో మ్యూజియాన్ని, దాని పక్కన పాత ఇళ్ల గ్రామాన్ని ప్రారంభించారు. ఎడిసన్‌ స్వయంగా హాజరయ్యారు. ఎడిసన్‌ ప్రయోగశాలను, రైట్‌ సోదరుల సైకిలు దుకాణాన్ని ఆ గ్రామానికి తరలించారు. 65 డాలర్లకు తిరిగి కొన్న తొలి బండీ, కోటీ యాభై లక్షలవ మోడల్‌ టి కూడా అక్కడికే చేరాయి.

మన దేశంతో ఆయనకున్న బంధం ఆ మ్యూజియంలోనే కనబడుతుంది. 1941లో ఫోర్డ్‌ గాంధీజీకి అభినందన లేఖ రాయగా, గాంధీజీ బదులుగా సంతకం చేసిన రాట్నాన్ని పంపారు. కదిలే వరుసకు పుట్టినిల్లయిన చోటికి చేతి రాట్నం చేరింది. ఫోర్డ్‌ కంపెనీ 1926లో భారత్‌లో శాఖ తెరిచి, మద్రాసు వంటి రేవుల్లో విడిభాగాలు కూర్చి కార్లు అమ్మింది. 1950ల్లో తరలిపోయి 1995లో మళ్లీ చెన్నై చేరువకు వచ్చింది. 2021లో ఇక్కడ కార్ల తయారీ మానుకుంటున్నట్టు ప్రకటించింది.

కొడుకు తర్వాత..

చివరి పదిహేనేళ్లు సుఖంగా గడవలేదు. 1932 మార్చి 7న పని లేని కార్మికులు ఫోర్డ్‌ కర్మాగారానికి ఊరేగింపుగా రాగా కాల్పుల్లో నలుగురు మరణించారు. 1937 మే 26న కరపత్రాలు పంచడానికి వచ్చిన కార్మిక నాయకులను కంపెనీ మనుషులు వంతెన మీద చితకబాదారు. 1941లో గానీ కార్మిక సంఘంతో ఒప్పందానికి దిగిరాలేదు. సంతకం చేయకుంటే ఇల్లు విడిచిపోతానని క్లారా హెచ్చరించడమే కారణమని చెబుతారు.

నలుగురిలో తండ్రి చేసే అవమానాలను ఎడ్సెల్‌ మౌనంగా భరించారు. కడుపులో పుండు క్యాన్సరుగా మారి 1943 మే 26న, 49 ఏళ్ల వయసులో మరణించారు. చివరి మోడల్‌ టి వీడ్కోలూ, వంతెన మీద దెబ్బలూ, కొడుకు మరణమూ వేర్వేరు ఏళ్లలో ఒకే తేదీన జరగడం కాకతాళీయమే గానీ తేదీలు రాసుకుంటూ పోతే చేయి ఆగుతుంది. ఎనభయ్యో పడికి చేరిన తండ్రి మళ్లీ అధ్యక్ష పీఠమెక్కారు గానీ జ్ఞాపకశక్తి, ఆరోగ్యం సహకరించలేదు. కంపెనీ కుప్పకూలే దశలో ఎడ్సెల్‌ భార్య, క్లారా పట్టుబట్టి 1945 సెప్టెంబరులో మనుమడు రెండో హెన్రీ ఫోర్డ్‌కు పగ్గాలు అప్పగింపజేశారు.

1947 ఏప్రిల్‌ 7న రూజ్‌ నదికి వరద వచ్చింది. ఫోర్డ్‌ నివాసానికి విద్యుత్తునిచ్చే కేంద్రం మునిగిపోయింది. పగలంతా కారులో వరద చూసి వచ్చిన ఆయన రాత్రి పడుకున్న కొద్దిసేపటికి అస్వస్థులయ్యారు. ఫోను పనిచేయలేదు. వైద్యుని పిలవడానికి మనిషిని పంపవలసి వచ్చింది. కిరోసిన్‌ దీపాలు, కొవ్వొత్తుల వెలుగులో, క్లారా పక్కనుండగా ఆయన తుదిశ్వాస విడిచారు. వయసు 83. భౌతికకాయాన్ని పాత ఇళ్ల గ్రామంలో ఉంచగా సుమారు లక్షమంది వరుసకట్టి చూసి వెళ్లారు.